లిఫ్టు లేని మేడ

ఎవరు ఎలాంటివాళ్ళో లిఫ్టు బటన్ నొక్కే తీరుని బట్టి చెప్పేస్తాను నేను. ఒక్కసారి నొక్కి ఊరుకునేవాడు కుదురైన మనిషి. వెలిగిన బటన్‌నే పదిసార్లు పొడిచేవాడితో కాపురం కష్టం. పైకి వెళ్ళాల్సినవాడు పైబాణం, కిందిబాణం రెండూ నొక్కాడంటే వాడి మీద వాడికే నమ్మకం లేదని అర్థం. పద్దెనిమిదేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్నాను కాబట్టి ఈ విషయంలో నా మాటకు తిరుగులేదు. మా ఆవిడ మాత్రం, "అందరి గుట్టూ చెప్తారు గానీ, మీరెలా నొక్కుతారో ఎప్పుడైనా చూసుకున్నారా?" అని గాలి తీసేస్తుంది.

పనిలో నాకు జోడీ మా బావమరిది. మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు, నాకంటే పన్నెండేళ్ళు చిన్న. పని నేర్పింది నేనే. లిఫ్టు పని ఒంటరిగా చేసేది కాదు. ఒకడు లిఫ్టు కింద ఉండే గోతిలోకి దిగుతాడు. రెండోవాడు మేడ మీద మెషీన్ గదిలో మెయిన్ స్విచ్ ఆపేసి దాని దగ్గరే నిలబడతాడు. దిగినవాడు బయటికొచ్చి, వచ్చేశానని తన నోటితో తాను ఫోన్‌లో చెప్పేవరకూ ఆ స్విచ్ ముట్టుకోకూడదు. రూల్సు పుస్తకంలో ఇంకా చాలా ఉన్నాయి గానీ, మావాడికి మొదటిరోజు నేను చెప్పింది ఇదొక్కటే. "స్విచ్ దగ్గర నేనున్నానంటే నువ్వు గోతిలో పడుకుని నిద్రపోవచ్చురా" అన్నాను. వాడు నమ్మాడు.

నా తాగుడు గురించి పెద్దగా చెప్పుకోవడానికేమీ లేదు. అందరిలాగే సాయంత్రాలు మొదలైంది. తర్వాత సాయంత్రం కాస్త ముందుగా రావడం మొదలుపెట్టింది. చివరికి పొద్దున తొమ్మిదింటికే వచ్చేసేది. పనిముట్ల సంచిలో ఒక నీళ్ళ సీసా ఉండేది, అందులో ఉండేవి నీళ్ళు కావు. రెండు గుక్కలు పడితే గానీ స్క్రూడ్రైవర్ స్క్రూ గాడిలో నిలిచేది కాదు. చెయ్యి వణక్కుండా ఉండడానికి తాగుతున్నానని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ వణుకు తాగడం వల్ల వచ్చిందేనన్న సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

ఆ రోజు మా పని ఆరంతస్తుల మేడలో. గోతిలో కూడా ఆపే స్విచ్ ఒకటి ఉంటుంది, దిగినవాడి రక్షణ కోసం. అది పాడైంది, నొక్కినా పనిచెయ్యడం లేదు. దాన్ని మార్చడానికే వాడు దిగాడు. పిల్లలు తొంగిచూస్తున్నారని లోపలి నుంచి తలుపు లాగేసుకున్నాడు. పైన మెషీన్ గదిలో నేనూ, నా సీసా. మెయిన్ స్విచ్ ఆపేశాను, రెండు గుక్కలు వేశాను, తర్వాత ఇంకో రెండు. ఇంతలో వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "ఇంకా ఎంతసేపండీ? ఐదో అంతస్తు పెద్దాయన మెట్లెక్కలేక ఇక్కడ కూర్చుని నా ప్రాణం తీస్తున్నారు" అన్నాడు.

"అయిపోయింది" అని స్విచ్ వేసేశాను.

అయిపోలేదు. ఆ మాట నేను ఎందుకన్నానో ఇప్పటికీ నాకు తెలీదు. వాడు వచ్చేశాడనే అనుకున్నాను, అంతే. మోటారు తిరుగుతుంటే హాయిగా ఆ చప్పుడు వింటున్నాను. కింద ఎవరో బటన్ నొక్కినట్టున్నారు, లిఫ్టు కిందికి వెళ్తోంది. ఫోన్‌లో వాడి గొంతు నేనింకా వినలేదని అప్పుడు గుర్తొచ్చింది. స్విచ్ ఆపాను. అప్పటికే లిఫ్టు కింది అంతస్తుకి చేరిపోయింది.

ఆరంతస్తులు ఎలా దిగానో తెలీదు. తలుపు సందులోంచి వాడి పేరు పెట్టి అరిచాను. కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత దగ్గు. వాడు గోతిలో బోర్లా పడుకుని ఉన్నాడు. లిఫ్టు అడుగుభాగం వాడి వీపు మీద మూరెడు ఎత్తులో ఆగింది. వాణ్ణి బయటికి తియ్యాలంటే లిఫ్టు మళ్ళీ పైకి వెళ్ళాలి. అంటే నేను మళ్ళీ ఆరంతస్తులెక్కాలి.

"బావా" అన్నాడు లోపలి నుంచి, చాలా నెమ్మదిగా. "స్విచ్ వెయ్యకు. చక్రం చేత్తో తిప్పు."

ఒక చేత్తో బ్రేకు పట్టి వదులుచేసి, రెండో చేత్తో మోటారు చక్రం తిప్పుతూ లిఫ్టుని అంగుళం అంగుళం పైకి లేపాను. ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో నేను చేసుకున్న ఒట్లు లెక్కపెడితే, అవన్నీ అంతకుముందే చేసి తప్పినవే. కొత్తది ఒక్కటీ లేదు.

వాడు బయటికొచ్చి, వాచ్‌మన్ గది పక్కన కుళాయి దగ్గర చేతులకంటిన గ్రీజు కడుక్కున్నాడు. చెయ్యి చాపి, "సీసా ఇలా ఇవ్వు" అన్నాడు. మూత తీసి వాసన చూశాడు. వాడు అరుస్తాడని, కొడతాడని చూశాను. కొడితే బావుండుననిపించింది.

"అక్కకి చెప్పను" అన్నాడు. "సూపర్‌వైజర్‌కీ చెప్పను. నాకు నడుం నొప్పని చెప్పి పైపైన పనులే తీసుకుంటాను. కానీ నువ్వు స్విచ్ దగ్గరుంటే మాత్రం నేను ఇక గోతిలోకి దిగను బావా. ఇది కోపంతో అంటున్న మాట కాదు. కాళ్ళు దిగవు, అంతే."

నాకు తల కొట్టేసినట్టయింది. మా వృత్తిలో మనిషిని అనగలిగిన మాటల్లో ఇంతకు మించింది లేదు. ఆ రోజు నుంచి నాకు కావాల్సింది ఒక్కటే, వాడు మళ్ళీ నన్ను నమ్మి దిగాలి. అది జరక్కపోతే నేను ఇంకే పని చేసుకున్నా ఒకటే.

*

మందు ఎక్కడ దొరుకుతుందంటే మా వీధి నుంచి నాలుగు దిక్కులా కళ్ళు మూసుకుని చెప్పగలను. మానడానికి ఎక్కడికి వెళ్ళాలో కనుక్కోవడమే నాకు మూడు చెరువుల నీళ్ళు తాగించింది. ఫోన్‌లో వెతికి ఒక నంబరుకి చేస్తే, మూడు నెలలు లోపల పెడతాం, ఫోన్ ఉండదు, ఇంటివాళ్ళు చూడ్డానికి రాకూడదు అన్నారు. మూడు నెలలు ఉద్యోగం ఎవడు చేస్తాడు? ఇంకో నంబరుకి చేస్తే జుట్టు మొలిచే నూనె అమ్మబోయారు. నాకు జుట్టు బాగానే ఉందని చెప్పినా వినలేదు. మూడో నంబరులో ఎవరో ఆవిడ, "తాగేది మీరేనా అండీ, మీవాళ్ళా?" అని అడిగింది. "మా స్నేహితుడండీ" అన్నాను. "అయితే ఆయన్నే చెయ్యమనండి" అని పెట్టేసింది. ఆవిడ మీద నాకు వారం రోజులు కోపం పోలేదు.

సొంతంగా ఒకరోజు మానేసి చూశాను. మధ్యాహ్నానికల్లా చొక్కా తడిసిపోయి, పళ్ళు టకటకలాడుతుంటే మా పేట క్లినిక్‌కి వెళ్ళాను. డాక్టరు నా చేతులు చాపమని చూసి, "ఇంత అలవాటున్నవాళ్ళు ఒక్కసారిగా సొంతంగా మానకూడదయ్యా, ప్రాణం మీదికొస్తుంది" అని వారం రోజులు మాత్రలిచ్చాడు. ఆ వారమంతా రోజూ వచ్చి కనబడాలన్నాడు. రోజూ బీపీ చూసే నర్సు ముక్కుసూటి మనిషి, నవ్వు ముఖం కాదు. ఆఖరిరోజు నా చీటీ వెనక్కి తిప్పి ఏదో రాసి ఇచ్చింది. ఆదివారం పదకొండు గంటలు, ట్యూషన్ సెంటరున్న మేడ, మూడో అంతస్తు, ఆకుపచ్చ తలుపు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"మాత్రలు వారానికే. తర్వాత సంగతి ఇక్కడ, తాగుడు మానేవాళ్ళు కలిసే చోటు" అంది. "ఫీజు లేదు, పేరు అడగరు. వెళ్తే వెళ్ళండి."

వెళ్ళాలనే అనుకున్నాను. కానీ మేడ ఎక్కుతుంటే తెలిసినవాళ్ళెవరైనా చూస్తే? పేటలో సగం మేడల లిఫ్టులు చూసేది నేనే. శనివారమంతా ఆలోచించి బ్రహ్మాండమైన ఉపాయం కనిపెట్టాను. కంపెనీ చొక్కా వేసుకుని, పనిముట్ల సంచి భుజాన తగిలించుకుని వెళ్తాను. ఆ చొక్కా వేసుకుంటే ఏ మేడలోకైనా దర్జాగా వెళ్ళొచ్చు. నన్ను ఆపి, ఎవరు నువ్వు, ఎక్కడికి అన్నవాడు పద్దెనిమిదేళ్ళలో ఒక్కడూ లేడు. లోపల ఎలాంటివాళ్ళున్నారో చూసి, నచ్చకపోతే పని చూసుకుని వచ్చినట్టే వచ్చేస్తాను. మా ఆవిడతో కూడా, "ఆదివారమైనా తప్పదు, అర్జెంటు కంప్లైంటు" అన్నాను.

ట్యూషన్ సెంటరు దాటి మూడంతస్తులు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. ఆకుపచ్చ తలుపు తెరిచే ఉంది. లోపల గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, ఏడెనిమిదిమంది మనుషులు. గోడకి పిల్లల ఎక్కాల చార్టు. తెల్లజుట్టు పెద్దావిడ ఒకరు ఫ్లాస్కులోంచి గ్లాసుల్లోకి టీ పోస్తోంది. అందరూ ఒక్కసారి నా వైపు తిరిగారు.

"లిఫ్టు చూడ్డానికి వచ్చానండీ" అన్నాను. "కంప్లైంటు వచ్చింది."

పెద్దావిడ టీ పొయ్యడం ఆపింది.

"ఎక్కడుంది నాయనా?" అంది.

"ఏంటండీ?"

"లిఫ్టు."

అప్పుడు వెలిగింది నాకు. మూడంతస్తులు మెట్ల మీద ఎక్కొచ్చాను. ఏ మేడలో కాలు పెట్టినా ముందు లిఫ్టెక్కడుందో వెతికే కళ్ళు నావి. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు కూడా పిల్లకంటే ముందు వాళ్ళ మేడ లిఫ్టు చూశానని మా ఆవిడ ఈనాటికీ దెప్పుతుంది. అలాంటివాణ్ణి, ఈ మేడకి లిఫ్టే లేదన్న సంగతి చూసుకోకుండా వచ్చి అడ్డంగా దొరికిపోయాను.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గది గదంతా పగలబడి నవ్వింది. టై కట్టుకున్న ఒకాయన అయితే కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నవ్వడానికేముందండీ ఇందులో? అడ్రసు తప్పు ఇచ్చుంటారు" అని గిరుక్కున వెనక్కి తిరిగాను.

"ఆగు నాయనా, కోప్పడకు" అంది పెద్దావిడ. "నిన్ను చూసి నవ్వడం లేదు. కూర్చుని నా అబద్ధం కూడా విని వెళ్ళు. పదకొండేళ్ళ క్రితం ఇదే తలుపు దగ్గర నిలబడి, నిన్న ఇక్కడ గొడుగు మర్చిపోయానండీ అన్నాను. మండుటెండల్లో. అంతకుముందు ఈ మేడ ముఖం కూడా చూళ్ళేదు. వీళ్ళు పాపం నిజమనుకుని అరగంట వెతికారు. నేనూ వాళ్ళతోపాటు వంగి కుర్చీల కింద వెతికాను."

టై ఆయన గొంతు సవరించుకున్నాడు. "నేను కరెంటు మీటరు చూడ్డానికి వచ్చానన్నానండీ. కాలేజీలో పాఠాలు చెప్తాను. మీటరు చూపించారు. అందులో ఏం చూడాలో తెలియక, బావుందండీ అన్నాను."

మళ్ళీ నవ్వులు. ఈసారి నాకూ మూతి బిగపట్టుకోవడం కష్టమైంది.

"నేను గది అద్దెకుందా అని అడిగాను" అంది కిటికీ పక్కనుంచి ఒక గొంతు. తిరిగి చూస్తే క్లినిక్ నర్సు. "నీళ్ళు ఎన్నింటికి వదులుతారు, బాత్రూం ఎటు, అన్నీ అడిగాను. చివరికి వంటగది లేదని బేరం కూడా ఆడాను."

ఆవిడ నవ్వు ముఖం నేను అప్పుడే చూడ్డం. వారం రోజులు నా బీపీ చూసిన మనిషి. ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ గుంపులో ఆచారం అదీ. అక్కడికి నిజం చెప్పి వచ్చినవాళ్ళు ఎవరూ లేరట. అందుకని అసలు పేర్లు అడగరు, వచ్చినవాడు తెచ్చుకున్న మొదటి అబద్ధమే వాడి పేరు. పెద్దావిడ గొడుగమ్మ, లెక్చరరు మీటరు, నర్సు అద్దె. ఇంకా పెళ్ళిపిలుపు అని ఒకాయన, కుక్కపిల్ల అని ఒక కుర్రపిల్ల ఉన్నారు. తప్పిపోయిన కుక్కపిల్లని వెతుక్కుంటూ వచ్చిందట, ఆ పిల్లకి కుక్కలంటే భయం. "ఒక అబద్ధం అయితే అందరి ముందూ బయటపడిపోయింది కదా" అంది గొడుగమ్మ, టీ గ్లాసు నా చేతిలో పెడుతూ. "ఇక మిగిలినవి అంత బరువుండవులే. కూర్చో లిఫ్టూ."

కూర్చున్నాను. ఏమీ చెప్పకుండా విని వెళ్ళిపోదామనుకున్నాను. మీటరు తన క్లాసులో బోర్డు వైపు తిరిగి రాస్తూ రాస్తూ ఎందుకు ఇటు తిరిగేవాడు కాదో చెప్పాడు. అద్దె తన సంగతి చెప్పింది, అది ఆవిడది, నేను చెప్పను. నా వంతు వచ్చింది. గోతిలో పడుకున్న మా బావమరిది గురించి చెప్పాను. ఆ మూరెడు గురించి, చేత్తో తిప్పిన చక్రం గురించి, వాడి దగ్గు గురించి. ఎవరికీ చెప్పని సంగతులు అవి. చెప్తుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎవరూ అయ్యో అనలేదు, సలహా ఇవ్వలేదు. మీటరు మాత్రం అలవాటుగా తలాడించి, "ఆ ఇరవై నిమిషాలూ కష్టం" అన్నాడు.

అంతే, ఏడుపొచ్చేసింది. నలభై ఏళ్ళవాణ్ణి, భుజాన స్పానర్ల సంచి తగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఎంత తేలికైపోయానో చెప్పలేను. మెట్లు దిగుతుంటే సంచి బరువు కూడా తెలియలేదు.

*

ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. సోమ, బుధవారాల్లో కూడా మధ్యాహ్నం ఒక గంట ఉంటుందని తెలిసి, అన్నం తినే టైములో అటు పరుగెత్తేవాణ్ణి. మూడో ఆదివారం ఇంటికెళ్ళి మా ఆవిడకి గోతి సంగతి చెప్పేశాను. తన తమ్ముడు కదా. నేల ఊడుస్తున్న మనిషి చీపురు అక్కడే వదిలేసి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. రెండు రోజులు నాతో ఒక్క మాట లేదు. మూడోరోజు, "వాడికేమైనా అయ్యుంటే నేను మిమ్మల్ని చూసేదాన్ని కాదు, ఈ జన్మలో" అంది. నిజమే అన్నాను. తర్వాతి ఆదివారం నేను బయల్దేరుతుంటే, గొడుగమ్మగారికి ఇవ్వమని ఒక కొత్త ఫ్లాస్కు చేతిలో పెట్టింది. పాతదాని మూత కారుతోందని ఎప్పుడో మాటల్లో చెప్పాను, గుర్తుపెట్టుకుంది.

బావమరిదికి మాత్రం ఎక్కడికి వెళ్తున్నానో నేను చెప్పలేదు. వాళ్ళక్క చెప్పే ఉంటుంది. వాడు ఎప్పుడూ అడగలేదు. ఇద్దరం బటన్లు మార్చేవాళ్ళం, తలుపుల గాడిలో ఇరుక్కున్న జుట్టుపిన్నులూ చాక్లెట్ కాగితాలూ తీసేవాళ్ళం, మెషీన్ గదిలో నూనె వేసేవాళ్ళం. గోతి పని వస్తే వాడు నడుం పట్టుకునేవాడు. సూపర్‌వైజర్‌కి ఓపిక నశిస్తోందని ఇద్దరికీ తెలుసు. నాలుగు నెలలు అలా గడిచాయి. నాలుగు నెలలూ నేను చుక్క ముట్టలేదు. నా చేతులు చూసుకుంటే నాకే ముచ్చటేసేది.

ఒక శనివారం సాయంత్రం సామాను సర్దుతూ వాడు, తల ఎత్తకుండానే అన్నాడు. "సోమవారం ఎనిమిదంతస్తుల మేడలో గోతి పనుంది కదా. నేను దిగుతాలే బావా."

"నడుం?" అన్నాను.

"తగ్గింది" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది నాకు. ఆదివారం వెళ్ళి చెప్తే గుంపంతా చప్పట్లు కొట్టింది. కుక్కపిల్ల ఈల కూడా వేసింది. ఎగురుకుంటూ ఇంటికి వస్తున్నానా, దారిలో మేం ఎప్పట్నుంచో లిఫ్టు చూస్తున్న ఒక మేడ ముందు ఆ మేడ యజమాని కనిపించాడు. "నీ చలవ వల్లేనయ్యా మా ఆవిడ కిందికి దిగగలుగుతోంది, లోపలికి రా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. కూర్చోబెట్టాడు. గ్లాసు పెట్టాడు. నాకు బాధ లేదు, దిగులు లేదు, ఆ రోజు లోకంలో నా అంత సంతోషంగా ఉన్నవాడు లేడు. వద్దండీ అనడానికి నోరు తెరిచాను కూడా. ఆ నోట్లోనే పోసుకున్నాను. ఒకటి, తర్వాత రెండు. మూడోది పోస్తుంటే లేచి వచ్చేశాను. ఇంటికెళ్ళి తలనొప్పని చెప్పి గోడ వైపు తిరిగి పడుకున్నాను.

సోమవారం పొద్దున లేచేసరికి ఏమీ జరగనట్టే ఉంది. నోరు వాసన లేదు. చేతులు చాపి చూసుకున్నాను, వణుకు లేదు. రెండు గ్లాసులే కదా, అదీ నిన్న కదా, ఇప్పుడు తాగి లేను కదా అని దారంతా లెక్కలు చెప్పుకుంటూ నడిచాను. ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతే. ఒకప్పుడు ఆ రెండు గుక్కలూ చెయ్యి వణక్కుండా ఉండడానికే కదా అన్నది కూడా అదే.

మావాడు అప్పటికే తలుపు తెరిచి, గోతిలోకి చిన్న నిచ్చెన దింపి పెట్టాడు. ముఖం పాలిపోయి ఉంది. నాకు కనబడకూడదని పాట ఒకటి కూనిరాగం తీస్తున్నాడు. వాడికి ఎంత భయంగా ఉందో అప్పుడు అర్థమైంది. "పైకి వెళ్ళు బావా, స్విచ్ ఆపి ఫోన్ చెయ్యి" అన్నాడు.

పైకి వెళ్ళాను. మెయిన్ స్విచ్ ఆపాను. ఫోన్ చేశాను.

"ఆపావా?" అన్నాడు.

"ఆపాను."

"దిగుతున్నా."

నిచ్చెన మెట్టు మీద బూటు పడ్డ చప్పుడు ఫోన్‌లో వినిపించింది. ఒకటి. రెండు.

"ఒరేయ్, ఆగు" అన్నాను. "దిగకు. పైకి రా."

"ఏమైంది?"

"నిన్న తాగాను."

ఫోన్ కట్టయింది. నాలుగు నెలలూ బూడిదలో పోసినట్టే అనుకున్నాను. తర్వాత మెట్ల మీద బూట్ల చప్పుడు మొదలైంది, ఈసారి ఫోన్‌లో కాదు. ఎనిమిదంతస్తులూ ఎక్కొచ్చాడు. మెషీన్ గది గుమ్మంలో నిలబడి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నన్ను చూశాడు.

"ఎంత?"

"రెండు గ్లాసులు. మూడోది వదిలేసి వచ్చాను."

"ఇప్పుడు?"

"ఇప్పుడేమీ లేదు. చేతులు కూడా బాగానే ఉన్నాయి."

దగ్గరికొచ్చి నా ముఖంలో ముఖం పెట్టి వాసన చూశాడు. నా చేతులు పట్టుకుని తిప్పి చూశాడు.

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదు" అన్నాడు.

"తెలిసేది కాదు."

"మరి ఎందుకు చెప్పావు?"

"నువ్వు దిగుతున్నావు కదరా" అన్నాను.

వాడు అక్కడే, నూనె మరకల నేల మీద కూలబడి గోడకి చేరగిలబడ్డాడు. నేను నిలబడే ఉన్నాను. తిట్టినా పడాలి, అక్కకి చెప్తానన్నా పడాలి, ఇక నాతో పనే వద్దన్నా పడాలి. వాడు ఫోన్ తీసి సూపర్‌వైజర్‌కి చేశాడు.

"సార్, ఇవాళ గోతి పని కుదరదండీ... లేదండీ, నా నడుం బాగానే ఉంది... రేపు పొద్దున్నే చేసేస్తాం సార్. ఇద్దరం ఉంటాం."

ఫోన్ జేబులో పెట్టుకుని లేచి, ప్యాంటు వెనక దులుపుకున్నాడు.

"నువ్వు మీవాళ్ళ దగ్గరికి వెళ్ళు బావా, ఎక్కడో ఆ మూడో అంతస్తు. నేను కింద నిచ్చెన తీసి తలుపు వేసొస్తా. సాయంత్రం నువ్వే అక్కకి చెప్పు. రేపు ఎనిమిదింటికల్లా ఇక్కడుండు."

"నాతోనా?" అన్నాను.

"మరి స్విచ్ దగ్గర ఎవరుంటారు?" అని విసుక్కుని, వాడు మెట్లు దిగడం మొదలుపెట్టాడు.